పానగల్ రాజావారు, రెండుసార్లు చేసిన చట్టం

ఇంట్లో పెళ్లి కుదిరితే చెన్నైలోని తెలుగువాళ్లం ముందు వెళ్లేది టి.నగర్‌కే. ఆటో అతనికి పానగల్ పార్కు దగ్గర ఆపమని చెబుతాం. అక్కడి మెట్రో స్టేషనుకూ అదే పేరు. ఆ పానగల్ మన శ్రీకాళహస్తి వైపు ఊరి పేరనీ, పార్కులో విగ్రహమై నిలిచిన పెద్దమనిషి ఈ రాజధానిని అయిదేళ్లకు పైగా ఏలిన తెలుగువాడనీ ఎంతమందికి తెలుసు? మొన్న మన సంఘం సమావేశంలో ఇదే ప్రశ్న అడిగితే నలుగురు చేతులెత్తారు. నలుగురూ డెబ్బై దాటినవారే. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారన్న సంగతైనా కొందరికి తెలుసు. రాజావారి సంగతి అదీ లేదు.

పానగంటి రామారాయణింగారు 1866 జులై 9న కాళహస్తిలో వెలమ దొరల ఇంట పుట్టారు. చదువుకోసం చెన్నపట్నం వచ్చి తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లోనూ, ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలోనూ చదివారు. సంస్కృతంలో మంచి పాండిత్యం ఉండేది. లా కూడా చదివారు. జమీందారీ కుటుంబాల పిల్లలు ఇంత చదువు చదవడం ఆ రోజుల్లో అరుదు. 1912లో దక్షిణాది జమీందార్ల ప్రతినిధిగా ఢిల్లీలోని ఇంపీరియల్ శాసన మండలికి వెళ్లి 1915 దాకా ఉన్నారు. బిల్లు అనేది ఎలా పుడుతుందో, ఎక్కడ నలుగుతుందో ఆయన దగ్గరనుంచి చూసింది అక్కడేనని నా అభిప్రాయం. తర్వాత త్యాగరాయ చెట్టి, టి.ఎం.నాయర్‌ల జస్టిస్ పార్టీలో చేరారు.

1919 చట్టంతో మద్రాసులో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, రెవెన్యూ లాంటివి గవర్నరు, ఆయన కార్యనిర్వాహక సభ్యుల చేతుల్లో ఉండేవి. విద్య, స్థానిక స్వపరిపాలన, పరిశ్రమలు, దేవాదాయాలు లాంటివి ఎన్నికైనవారిలోంచి వచ్చిన మంత్రులకు బదిలీ అయ్యాయి. 1920 చివర ఎన్నికలు జరిగాయి. శాసన మండలిలో ఎన్నికైన సభ్యులు 98 మంది, మిగతావారు నియమితులు. కాంగ్రెస్ బహిష్కరించడంతో జస్టిస్ పార్టీ గెలిచింది. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి మంత్రి అయ్యారు, రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన శాఖ తీసుకున్నారు. రెడ్డియార్ ఆరోగ్యం బాగాలేక తప్పుకోగా 1921 జులైలో రామారాయణింగారే మొదటి మంత్రి అయ్యారు. పానగల్ రాజా అన్న బిరుదు 1922లో వచ్చింది.

ఆయన ప్రభుత్వం చేసిన పనుల జాబితా పెద్దదే. ఉద్యోగాల్లో అన్ని కులాలకూ వాటా ఉండాలన్న 1921 ఉత్తర్వు, మద్రాసు విశ్వవిద్యాలయ చట్టం, ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం, దేశీయ వైద్యం నేర్పే పాఠశాల అన్నీ ఆ రోజులవే. వాటి గురించి ఇంకోసారి రాస్తాను. ఈసారి ఒక్క బిల్లు గురించే చెప్పాలని ఉంది. అది హిందూ దేవాదాయ ధర్మాదాయాల బిల్లు.

ముందు గుళ్ల పరిస్థితి ఏమిటో చెప్పాలి. 1817 నాటి ఏడో రెగ్యులేషన్‌తో ఈస్టిండియా కంపెనీ దేవాలయాల మాన్యాలనూ, ఆదాయాలనూ రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తెచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల చేయడంతో క్రమంగా వదిలించుకుంది. 1863 నాటి ఇరవయ్యో చట్టంతో పూర్తిగా చేతులు దులుపుకుంది. దాని ప్రకారం చాలా గుళ్ల మీద స్థానిక కమిటీలు వేశారు. కమిటీ సభ్యుడు ఒకసారి కూర్చుంటే చనిపోయేదాకా అతనే. లెక్కలు చూపమని అడిగే పై అధికారి లేడు. ధర్మకర్త మాన్యం మింగాడని అనుమానం వస్తే భక్తుడు సొంత డబ్బు పెట్టుకుని కోర్టుకెళ్లాలి. దేవుడి సొమ్ము కోసం తన పొలం తాకట్టు పెట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు? దీన్ని సరిచేయాలని ఆ తర్వాత కొన్ని ప్రయత్నాలు జరిగాయి. మతంలో వేలు పెట్టామన్న పేరు వస్తుందని దొరలకు భయం. ఏదీ గట్టెక్కలేదు.

1922 డిసెంబరు 18న పానగల్ రాజావారు ఈ బిల్లును స్వయంగా మండలిలో ప్రవేశపెట్టారు. గుళ్లమీద పర్యవేక్షణకు ఒక బోర్డు, దాని కింద కమిటీలు, ఏటా బడ్జెట్టు, లెక్కల తనిఖీ, గుడి ఖర్చులు పోను మిగిలే సొమ్మును ధర్మకార్యాలకు వాడే ఏర్పాటు ఇందులో ముఖ్యమైనవి.

బిల్లు ప్రవేశపెట్టడం అంటే మనలో చాలామంది మంత్రి లేచి చదవగానే చట్టమైపోతుందనుకుంటారు. గుమాస్తాగా ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కనుక ఆ మెట్లు చెబుతాను, విసుక్కోకండి. మొదట ప్రవేశపెట్టడానికి సభ అనుమతి అడగాలి. అనుమతిస్తే బిల్లు, దాని ఉద్దేశాల వివరణ గెజెట్‌లో అచ్చవుతాయి. ఆ రోజుల్లో అది ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్. తర్వాత మూడు దారులుంటాయి. వెంటనే చర్చకు తీసుకోవచ్చు. ప్రజాభిప్రాయం కోసం ఊళ్లకు పంపవచ్చు. లేదా కొందరు సభ్యులతో సెలెక్ట్ కమిటీ వేసి దానికి అప్పగించవచ్చు. రెండో దారి వినడానికి బాగుంటుంది కానీ, బిల్లును చంపదలచినవారు ఎక్కువగా అడిగేది అదే. ఊరూరా తిరిగి వచ్చేసరికి సభ గడువే అయిపోవచ్చు.

మూడోదే అసలు పని జరిగే చోటు. సెలెక్ట్ కమిటీలో బిల్లు తెచ్చిన మంత్రీ ఉంటారు, దాన్ని తిట్టేవారూ ఉంటారు. అక్కడ గ్యాలరీ లేదు, చప్పట్లు లేవు. క్లాజు తర్వాత క్లాజు తీసుకుని మాట మాటకూ పేచీ పడతారు. బయటివారు మహజర్లు పంపుకోవచ్చు. సమ్మతించని సభ్యుడు తన భిన్నాభిప్రాయాన్ని నివేదిక వెనకాల జత చేయవచ్చు. ఆ నివేదిక సభకు తిరిగి వచ్చాక మళ్లీ క్లాజులవారీ చర్చ, సవరణలు, ఓటింగు. ఇవాళ్టి అసెంబ్లీల్లో ఉన్నదీ దాదాపు ఇదే పద్ధతి. కాకపోతే ఉదయం పెట్టిన బిల్లు సాయంత్రానికి చట్టమవడం ఇప్పుడు మామూలైపోయింది.

పానగల్ బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. బయట గొడవ పెద్దదే జరిగింది. మఠాధిపతులు, ధర్మకర్తలు, వారి తరఫు వకీళ్లు ఎదురు తిరిగారు. ఇది ప్రభుత్వం మతంలో జోక్యం చేసుకోవడమేనని ఒక వాదన. బోర్డు పదవులన్నీ మంత్రిగారి పార్టీవారికే పోతాయని ఇంకొకటి. బ్రాహ్మణేతర పార్టీ బ్రాహ్మణుల చేతిలోంచి గుళ్లు లాక్కుంటోందన్నది మూడోది. మొదటిదానికి రాజావారి సమాధానం బిల్లులోనే ఉంది. పూజలు, ఆచారాల జోలికి పోకుండా డబ్బు, భూమి, లెక్కల మీదనే దాని చూపు. రెండో వాదనలో మాత్రం పస లేదని నేను అనలేను. దేవాదాయ బోర్డుల్లో రాజకీయ నియామకాల మీద ఫిర్యాదు ఆ రోజు మొదలైంది, ఈ రోజుకీ తీరలేదు. మూడోదానికి జవాబుగానో ఏమో, తొలి బోర్డు అధ్యక్షుడిగా హైకోర్టు జడ్జిగా చేసిన సర్ టి.సదాశివ అయ్యర్‌ను కూర్చోబెట్టారు.

1923లో బిల్లు సభ ఆమోదం పొందింది. ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. అప్పటి నిబంధనల ప్రకారం సభ ఒప్పుకున్నా గవర్నరు ఒప్పుకోవాలి, ఆపైన గవర్నరు జనరల్ కూడా ఒప్పుకోవాలి. గవర్నరుకు నచ్చకపోతే పునఃపరిశీలించమని బిల్లును సభకు తిప్పి పంపవచ్చు. ఈ బిల్లు అలాగే తిరిగి వచ్చింది. ఈలోగా ఎన్నికలు వచ్చాయి. జస్టిస్ పార్టీ బలం తగ్గింది. పార్టీలోంచి విడిపోయిన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1923 నవంబరులో రాజావారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశంలో శాసనసభల్లో వచ్చిన తొలి అవిశ్వాస తీర్మానాల్లో అదొకటి. 65కు 44 ఓట్లతో అది వీగిపోయింది. ఇద్దరూ చిత్తూరు సీమ ప్రాంతపు తెలుగువారే కావడం విశేషం. తర్వాత ఇదే ప్రభుత్వం, విద్యామంత్రిగా ఉన్న బరంపురం న్యాయవాది ఎ.పి.పాత్రో చేతుల మీదుగా ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం తెస్తే, దానికి తొలి ఉపాధ్యక్షుడైనది ఆ రామలింగారెడ్డిగారే.

దేవాదాయ చట్టం చివరికి 1925లో అమలుకొచ్చింది. పాత చట్టాల పుస్తకం తీసి చూస్తే పేరులో 1923 ఉంటుంది, సంఖ్యేమో 1925లో ఒకటో చట్టం. మొదటిసారి చూసినప్పుడు అచ్చు తప్పనుకున్నాను. తప్పు కాదు. సభ గుమ్మం దాటిన బిల్లు ఆమోదముద్ర కోసం ఎన్నాళ్లు తిరిగిందో ఆ రెండు అంకెల మధ్య ఉంది.

వ్యతిరేకులు అప్పుడూ వదల్లేదు. చట్టంలో ఏముందన్నది కాదు, దాన్ని చేసిన పద్ధతే చెల్లదని కోర్టుల్లో సవాలు చేశారు. న్యాయం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న పక్కకు పోయి, నియమం ప్రకారం సభలో నెగ్గిందా లేదా అన్నదే మిగిలింది. బోర్డు ఏర్పడి ఉంది, ఉత్తర్వులు వెళుతున్నాయి, కింద పునాది కదులుతోంది. ఏ ధర్మకర్త అయినా మీ చట్టమే చెల్లదు పొమ్మనవచ్చు.

ఇంకొకరైతే కోర్టు తీర్పు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసేవారు, లేదా మరో సవరణ అతికించి ఊరుకునేవారు. రాజావారి ప్రభుత్వం ఆ చట్టాన్ని తీసేసి, మళ్లీ మొదటి మెట్టు నుంచి కొత్త బిల్లుగా తెచ్చింది. ఈసారీ పేరులో 1926, సంఖ్య 1927లో రెండో చట్టం. నాలుగేళ్లు తిట్లు తిని, సభలో నెగ్గించుకున్న పనిని ఖాళీ కాగితంతో మళ్లీ మొదలుపెట్టడం మాటలు కాదు. వెనక మెజారిటీ పలచబడింది, ఎన్నికలు తలమీదున్నాయి. అయినా చేశారు. ఆ చట్టం పుస్తకంలోకి ఎక్కేసరికి ఆయన మంత్రి కాదు. 1926 ఎన్నికల్లో స్వరాజ్య పార్టీ ఎక్కువ సీట్లు గెలిచింది, డిసెంబరులో రాజావారు దిగిపోయారు, సుబ్బరాయన్ మంత్రివర్గం వచ్చింది.

ఆయనలో లోపాలు లేవని కాదు. ఆయన హయాంలోనే 1921లో పుళియాంతోపు అల్లర్లు జరిగాయి. అణగారిన కులాలవారికి పార్టీ న్యాయం చేయలేదంటూ ఎం.సి.రాజా బయటికి వెళ్లిపోయారు. జమీందార్ల పార్టీ అన్న పేరు ఊరికే రాలేదు.

1927 నాటి ఆ చట్టం 1951లో కొత్త చట్టం వచ్చేదాకా నిలిచింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖలు రెండూ ఆ బోర్డు సంతానమే. మన పాఠకుల్లో బళ్లారివారికీ, గంజాంవారికీ ఇది పరాయి సంగతి కాదు. అప్పట్లో ఆ జిల్లాలు మద్రాసు రాజధానిలోవే. మీ ఊరి పాత గుడి లెక్కల దస్త్రాలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే బోర్డు పేరు కనబడవచ్చు, వెతికి చూడండి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను. 2006లో తమిళనాట తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి ఎక్కింది. 2016లో మన తెలుగు పిల్లలు పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి తెలుగు పేపరు ఉంటుందా లేదా అని మనకు గుండెదడ పట్టుకుంది. సంఘాలన్నీ హైకోర్టు మెట్లెక్కి మినహాయింపులు అడుక్కున్నాయి. అది బిల్లుగా ఉన్నప్పుడు మనలో ఎవరం చదివాం? ఒక్క మహజరైనా పంపామా? నేనూ చదవలేదు. పదేళ్ల తర్వాత పిటిషన్ల టైపింగు మాత్రం దగ్గరుండి చేయించాను. పానగల్ బిల్లును ఎదిరించిన మఠాలవారు మనకంటే మెలకువగా ఉన్నారు. బిల్లు అచ్చయిన నాటి నుంచే వారి మహజర్లు వెళ్లాయి.

పదవి పోయిన తర్వాత రాజావారు ప్రతిపక్షంలో, పార్టీ నాయకుడిగానే ఉన్నారు. త్యాగరాయ చెట్టిగారు 1925లో పోయినప్పటి నుంచి పార్టీ భారం ఆయనదే. 1928 డిసెంబరులో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. అదే నెల 16న కన్నుమూశారు. అరవై రెండేళ్లు.

వచ్చే నెల మన సంఘం పిల్లలను పానగల్ పార్కుకు తీసుకెళ్లాలనుకుంటున్నాం. రాదలచినవారు పేర్లు ఇవ్వండి. చీరల షాపింగు ఆ తర్వాత.