సంఖ్యల గుట్టు తెలిసిన ఇబ్నె హైసమ్

కాంతి శాస్త్రానికి బాట వేసిన మహా పండితునిగా ఇబ్నె హైసమ్ పేరు లోకానికి తెలుసు. ప్రధాన సంఖ్యల విషయంలో ఆయన చేసిన కృషి మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆయన క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. అసలు పేరు హసన్. నైలు నదిని అదుపు చేసే ఉపాయం తన వద్ద ఉందని ఆయన అన్న మాట ఈజిప్టును ఏలుతున్న ఫాతిమీ ఖలీఫా హాకిమ్ చెవిన పడిందట. ఖలీఫా పిలిపించగా వెళ్లి, నది వెంబడి అస్వాన్ ప్రాంతం దాకా ప్రయాణించారు. దారిలో ప్రాచీనుల కట్టడాలు చూశారు. ఇంతటి నేర్పరులకు సాధ్యమయ్యే పనే అయితే ఏనాడో చేసి ఉండేవారు కదా అనిపించింది. తిరిగి వచ్చి తన వల్ల కాదని ఒప్పుకున్నారు.

హాకిమ్ కోపం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలియని రోజులవి. ఆ భయంతో ఇబ్నె హైసమ్ పిచ్చివానిలా నటించి, ఇంట్లోనే బందీగా ఉండిపోయారని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశారు. 1021లో హాకిమ్ కనిపించకుండా పోయాకే ఆయనకు విడుదల. ఆ తర్వాత అజ్హర్ మసీదు చెంత నివసిస్తూ, గణిత గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని బతికారు.

ఆయన చేపట్టిన లెక్కల్లో ఒకటి చూడండి. 2, 3, 4, 5, 6లలో దేనితో భాగించినా 1 మిగలాలి. 7తో భాగిస్తే ఏమీ మిగలకూడదు. ఆ సంఖ్య ఏది? 1 నుండి 6 వరకు వరుసగా గుణిస్తే 720. దానికి 1 కలిపితే 721. అది 7కు 103 రెట్లు!

7 స్థానంలో ఏ ప్రధాన సంఖ్యను తీసుకున్నా ఇదే జరుగుతుంది. ప్రధాన సంఖ్య కాని 6తో చేస్తే 121 వస్తుంది. దాన్ని 6 నిశ్శేషంగా భాగించదు. ఈ సూత్రం యూరప్‌లో 1770లో విల్సన్ పేరిట అచ్చయింది. 1771లో లాగ్రాంజ్ దాన్ని నిరూపించారు.

6, 28 వంటి పరిపూర్ణ సంఖ్యలనూ ఆయన పరిశీలించారు. 28ని భాగించే 1, 2, 4, 7, 14లను కూడితే మళ్లీ 28 వస్తుంది. ఇలాంటి సరి సంఖ్యలన్నీ 2ను కొన్నిసార్లు గుణించి 1 తీసేయగా వచ్చే ప్రధాన సంఖ్యల నుండే పుడతాయని చూపబోయారు. నిరూపణ పూర్తి కాలేదు. 18వ శతాబ్దంలో ఆయిలర్ దాన్ని పూర్తి చేశారు. 2024లో కనుగొన్న, 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య కూడా ఆ కోవలోనిదే.

1040 ప్రాంతంలో ఇబ్నె హైసమ్ కైరోలో కన్నుమూశారు. చేతకానిది చేతకాదని చెప్పి ఏళ్ల తరబడి స్వేచ్ఛను పోగొట్టుకున్నారు. విద్యను మాత్రం విడిచిపెట్టలేదు. ఈ రోజు మీ పిల్లల చేత 11తో ఆ లెక్క చేయించండి. 36,28,801 వస్తుంది. దాన్ని 11తో భాగించి, ఏమైనా మిగులుతుందేమో వారినే చూడమనండి.