ముసలితనాన్ని జయించబోయిన డాక్టరు



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మనందరికీ తెలిసిన దేశనాయకులను వదిలి డాక్టర్ బ్రౌన్ సెకార్‌ను ఎన్నుకున్నాను. కారణం ఉంది. నిరుడు మా బావగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో మిగతా మందులతో పాటు ఖరీదైన ఇంజెక్షన్ల కోర్సు ఒకటి వ్రాశారు. అది పంది మెదడులోని మాంసకృత్తులను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసే సెరెబ్రోలైసిన్ అనే మందు. మా అక్కయ్య గాజులు అమ్మడానికి సిద్ధపడింది. ఏం చేద్దాం మామయ్యా అని మేనల్లుడు ఫోను చేశాడు. జవాబు కోసం పుస్తకాలు తిరగేస్తుంటే ఈ మహానుభావుడు ఎదురయ్యాడు.

చార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్ సెకార్ 1817 ఏప్రిల్ 8న మారిషస్ ద్వీపంలోని పోర్ట్ లూయిస్‌లో జన్మించాడు. మన తెలుగువారు ఎందరో ఆ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్ళి స్థిరపడిన దీవి అదే. తండ్రి అమెరికన్ నావికుడు. కొడుకు పుట్టకముందే సముద్రంలో గల్లంతయ్యాడు. ఫ్రెంచి జాతీయురాలైన తల్లి కుట్టుపని చేసి బిడ్డను పెంచింది. ఆ ఋణం మరువక ఆయన తల్లి ఇంటిపేరైన సెకార్‌ను తన పేరుకు చేర్చుకున్నాడు.

1838లో రచయిత కావాలని పారిస్ చేరాడు. అక్కడి పెద్దలు నిరుత్సాహపరచడంతో వైద్యం చదివి 1846లో పట్టా పొందాడు. వెన్నుపాము ఒక పక్క తెగితే అదే పక్క కండరాలు చచ్చుపడతాయని, నొప్పి తెలియకపోవడం మాత్రం రెండవ పక్క జరుగుతుందని నిరూపించాడు. నేటికీ వైద్య విద్యార్థులు ఆ లక్షణాలను ఆయన పేరుతోనే చదువుకుంటారు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ప్రాణాధారమని 1856లో చూపినవాడూ ఆయనే.

ప్రయోగాలు తన ఒంటి మీదే చేసుకోవడం ఆయన అలవాటు. 1854లో మారిషస్‌లో కలరా ప్రబలినప్పుడు వెళ్ళి రోగులకు సేవచేశాడు. తన చికిత్సను పరీక్షించడానికి రోగుల వాంతిని తానే మింగాడంటే ఏమనాలి? లండన్‌లో పక్షవాత, మూర్ఛ రోగుల ఆసుపత్రిలో వైద్యుడుగా, 1864 నుండి అమెరికాలోని హార్వర్డ్‌లో ఆచార్యుడుగా పనిచేశాడు. 1878లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ వంటి దిగ్గజం కూర్చున్న పీఠం ఆయనకు దక్కింది.

ఇక అసలు కథ. 1889 జూన్ 1న, 72 ఏళ్ళ వయసులో, పారిస్ జీవశాస్త్ర సంఘం సభలో నిలబడి ఆయన ఒక సంచలన ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పందుల వృషణాల నుండి తీసిన రసాన్ని తాను ఇంజెక్షన్లుగా పొడుచుకున్నానని, మెట్లు పరుగున ఎక్కగలుగుతున్నానని, గంటల తరబడి మెదడుకు పనిచెప్పినా అలసట లేదని చెప్పాడు. చేతి పట్టును యంత్రంతో కొలిచి లెక్కలు కూడా చూపాడు. ఇంజెక్షన్లు ఆపిన కొంతకాలానికి పాత నీరసం తిరిగి వచ్చిందని కూడా దాచకుండా చెప్పాడు. ఇతర వైద్యులు పరీక్షించి చూడాలని కోరి, రసాన్ని ఉచితంగా పంపాడు. వ్యాపారులు ఊరుకుంటారా? ఆ పేరుతో సీసాలు అమ్ముకున్నారు. 1892లో కాన్‌స్టంటిన్ పాల్ అనే పారిస్ వైద్యుడు గొర్రె మెదడు సారాన్ని నరాల బలహీనతకు ఎక్కించాడు. జంతువు మెదడుతో మనిషి మెదడును బాగుచేయాలన్న ఆశ అంత పాతది.

బ్రౌన్ సెకార్ 1894 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. 2002లో ఆస్ట్రేలియా వైద్యులు ఆయన పద్ధతిలోనే కుక్క వృషణాల సారం తీసి పరీక్షించారు. అందులోని హార్మోను దేనికీ చాలనంత స్వల్పం. వృషణం ఆ హార్మోనును నిలవ ఉంచుకోదు, నీటిలో అది సరిగా కరగదు. అంటే ఆయన పొందిన బలం నమ్మకం ఇచ్చిన బలమే. అబద్ధమాడలేదు, తానే మోసపోయాడు.

అయితే ఆయన శ్రమ వృథా కాలేదు. అవయవాలు రక్తంలోకి ఏవో రసాలు వదులుతాయన్న ఆయన ఆలోచన నిజమైంది. 1891లో ఇంగ్లండులో డాక్టర్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో ఒక రోగిని బాగుచేశాడు. ఆమె మరి 28 ఏళ్ళు బ్రతికింది. తరువాత ఇన్సులిన్ వచ్చింది. మనలో చక్కెర జబ్బున్నవారు మొదట్లో వాడింది పశువుల, పందుల క్లోమం నుండి తీసినదే కదా! కాబట్టి జంతువు నుండి వచ్చిందని మందును తీసిపారేయలేము, గొప్ప డాక్టరు చెప్పాడని కళ్ళు మూసుకుని నమ్మనూలేము. రుజువు కావాలి.

మరి సెరెబ్రోలైసిన్ సంగతి? ఆస్ట్రియా, రష్యా, చైనాలతో పాటు మన దేశంలోనూ పక్షవాతానికి, తలకు దెబ్బ తగిలినవారికి, మతిమరుపుకు వాడుతున్నారు. అమెరికాలో అనుమతి లేదు. పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ, రక్తం గడ్డ వల్ల వచ్చే పక్షవాతంలో ఈ మందు మరణాలను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని, కొన్ని తీవ్రమైన దుష్ఫలితాలు పెరగవచ్చని తేల్చింది. రక్తనాళాల లోపం వల్ల వచ్చే మతిమరుపులో కొద్ది మేలు కనిపించినా సిఫారసు చేయడానికి ఆ ఆధారాలు చాలవన్నది.

ఇదంతా కాగితం మీద వ్రాసుకుని డాక్టరుగారినే వినయంగా అడగమన్నాను. ఇది తప్పనిసరి మందు కాదని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. గాజులు మిగిలాయి. కొంత డబ్బు ఆరు నెలలు ఇంటికి వచ్చి వ్యాయామం చేయించిన ఫిజియోథెరపిస్టుకు ఇచ్చారు. బావగారు ఇప్పుడు చేతికర్రతో గుడికి వెళ్ళివస్తున్నారు. అలాగని ఆ ఇంజెక్షన్ వేయించుకున్నవారు తప్పు చేశారని నేననను. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు, అది మా బావగారిదైనా సరే, బ్రౌన్ సెకార్‌దైనా సరే.

సభ్యులకు ఒక్క మనవి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా గంటలు వృథా చేయక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. దానికి రుజువు ఉంది. ఆస్తులు అమ్మవలసిన మందు వ్రాసినప్పుడు మాత్రం సందేహించకుండా నాలుగు ప్రశ్నలు అడగండి.