చార్లెస్ డ్రూ

ధనికుని దేహమున ప్రవహించు రక్తమును, దరిద్రుని దేహమున ప్రవహించు రక్తమును ఎఱ్ఱనివే. ఈ సత్యమెఱిగియు మానవులు రక్తమునకు సైతము జాతిభేదము నంటగట్టిన కాలమొకటి కలదు. ఆ కాలమున జీవించి, అసంఖ్యాకులకు ప్రాణదానము చేసిన వైద్యుడు చార్లెస్ డ్రూ.

డ్రూ 1904వ సంవత్సరము జూన్ 3వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. తండ్రి తివాచీలు పఱచు పనివాడు. ఆమ్‌హర్‌స్ట్ కళాశాలలో చదువునాడు డ్రూ ఆటలయందు మిక్కిలి పేరుగాంచెను. పిదప వైద్యవిద్య నభ్యసింపగోరెను. కాని చేత ధనము లేదు. అమెరికా వైద్యకళాశాలలలో నల్లజాతివారికి దొరకు స్థానములును మిగుల కొలది. అందుచే రెండేండ్లు ఉపాధ్యాయుడుగా పనిచేసి ధనము కూడబెట్టి, కెనడా దేశమునకేగి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున 1933లో వైద్యపట్టము నందెను.

ఆ దినములలో నిలువచేసిన రక్తము త్వరలోనే చెడిపోవుచుండెను. రక్తకణములను వేఱుచేయగా మిగులు ద్రవమునకు ప్లాస్మా యని పేరు. ఇది రక్తముకంటె ఎక్కువకాలము నిలుచును. డ్రూ రక్తమును నిలువయుంచు విధానములను పరిశోధించి, 1940లో కొలంబియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము గ్రహించెను.

అప్పుడు ఐరోపాలో ఘోరయుద్ధము జరుగుచుండెను. క్షతగాత్రులగు బ్రిటిషువారికి ప్లాస్మా పంపు కార్యమునకు డ్రూ నాయకుడయ్యెను. న్యూయార్కు నగరమున దాదాపు 14,500 మంది రక్తమిచ్చిరి. 1941లో రెడ్‌క్రాస్ సంఘమువారి రక్తనిధికి సైతము ఆయన అధిపతి యయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిలులోనే ఆ పనిని వీడి, హోవర్డ్ విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యశాఖాధ్యక్షుడయ్యెను.

ఆయన వెడలిన కొలదినెలలకే రెడ్‌క్రాస్‌వారు నల్లజాతివారి రక్తమును స్వీకరింపమనిరి. 1942లో స్వీకరించిరి గాని, దానిని తెల్లవారి రక్తముతో కలుపక వేఱుగా నుంచిరి. ఏ విద్యను తాను వృద్ధిచేసెనో, ఆ విద్యచే ఏర్పడిన నిధిలో తన రక్తమే అంటరానిదయ్యెను! ఈ భేదమునకు శాస్త్రాధారము లేదని డ్రూ బహిరంగముగా ఖండించెను.

వైద్యవృత్తిలోను ఇదియే అన్యాయము. వాషింగ్టనులోని వైద్యసంఘమువారు నల్లజాతివైద్యులను చేర్చుకొనకుండిరి. అందు సభ్యత్వము లేనివారికి అమెరికా వైద్యసంఘమున స్థానము లేదు. 1947లో డ్రూ ఆ సంఘమునకు లేఖలు వ్రాసి న్యాయమర్థించెను, ఫలము కలుగలేదు. అయినను ఆయన క్రుంగిపోలేదు. తనకు మూయబడిన ద్వారములను శిష్యులకై తెఱువబూనెను. 1941 నుండి 1950 వఱకు అమెరికా శస్త్రవైద్యమండలిచే అర్హత పొందిన నల్లజాతివారిలో సగముకంటె ఎక్కువమంది ఆయన శిష్యులే.

1950 ఏప్రిల్ 1వ తేదీన టస్కీగీ పట్టణమునకు మిత్రులతో పోవుచుండగా, ఉత్తర కరోలినాలో కారు బోల్తాపడి డ్రూ మరణించెను. తెల్లవారి ఆసుపత్రిలో చికిత్స నిరాకరింపబడుటచే ఆయన మరణించెనని ఒక వదంతి వ్యాపించెను. అది నిజము కాదు. తెల్లజాతి వైద్యులు ఆయనను బ్రతికింప శక్తికొలది ప్రయత్నించిరి. కాని అట్టి నిరాకరణము ఎందఱో పేరులేని రోగులకు జరిగియుండుటచేతనే లోకము ఆ వదంతిని సులభముగా నమ్మెను.

ఆ సంవత్సరముననే రెడ్‌క్రాస్‌వారు రక్తమును జాతులవారీగా వేఱుచేయుట మానిరి. అమెరికా వైద్యసంఘమువారు తమ పూర్వపు అన్యాయమునకు 2008లో క్షమాపణము చెప్పిరి. ఆ మాట వినుటకు డ్రూ లేడు. కాని రోగి ప్రాణము నిలుపు రక్తమునకు జాతి లేదని ఆయన నేర్పిన పాఠము నేటికిని నిలిచియున్నది.