గొలుసు తెంచిన ఊపిరి

మా ఊరు పాల్వంచ దాటాక, భద్రాచలం అడవుల అంచున ఉంటుంది. వరికోతలై మడి ఆరిందంటే అదే మాకు చెడుగుడు బరి. సంక్రాంతికి వాగవతలి ఊరితో పోటీ. నడుమ గీత బూడిదతో గీసేవాళ్ళం. కూత ఆగిందా, ఆ మనిషి చచ్చినట్టే లెక్క! ఒక ఏడు చివరి కూత నాది. గీత ఇంకా రెండు బారలుందనగా ఊపిరి తెగింది. ఊరు ఓడింది. ఆ రాత్రి మా తాత నన్ను తిట్టలేదు. కోడి రామమూర్తి నాయుడి సంగతి చెప్పాడు.

అప్పటిదాకా నాకాయన ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్న వస్తాదు, అంతే. కాస్త కండ ఉన్న ప్రతివాణ్ణీ మన పెద్దలు ఆ పేరుతోనే పిలుస్తారు కదా!

ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో. తల్లి చిన్నప్పుడే పోయింది. విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే పినతండ్రి దగ్గర పెరిగి, బడిలోకన్నా తాలింఖానాలో ఎక్కువ నేర్చాడు. మద్రాసు వెళ్ళి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యాడు. అక్కడే ఉండిపోతే నెలజీతానికి లోటుండేది కాదు. కానీ ఆ నౌకరీ వదిలి సర్కస్ కంపెనీ పెట్టాడు. దేశమంతా తిరిగాడు. రెండు కార్లను తాళ్ళతో పట్టి కదలనివ్వకుండా ఆపేవాడు. జనం కలియుగ భీముడన్నారు. ఇంతా చేసి ఆయన శాకాహారి; మాంసం లేనిదే బలం రాదని వాదించే మా హాస్టలు మిత్రులు కాస్త గమనించాలి.

నన్ను పట్టుకున్నది మాత్రం గొలుసు సంగతి. ఇనుప గొలుసు ఛాతీకి బిగించుకుని, నిండా గాలి పీల్చి తెంచేవాడట. చెయ్యి తాకకుండా! బలమంతా ప్రాణాయామంలోనే ఉందని ఆయన నమ్మకం. తాత నాకు చెప్పదలచుకున్నదీ అదే.

చివరి రోజులు బాగాలేవు. సంపాదించింది దానాలకూ పోయింది, ఇతరత్రా కూడా పోయింది. కాలికి పుండై కాలే తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి ఆ కోత భరించాడని చెబుతారు. 1942 జనవరిలో ఒడిశాలో కన్నుమూశాడు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం ఉంది.

తాత మాటతో ఏడాదంతా తెల్లవారుజామున వాగొడ్డున కూత పట్టాను. మరుసటి సంక్రాంతికీ ఓడాం. కాకపోతే ఆసారి తెగింది నా ఊపిరి కాదు.