అంధుల అక్షరదాత లూయీ బ్రెయిల్

చెప్పులు కుట్టే వారి పెట్టెలో ఆరె అనే చిన్న పనిముట్టు ఉంటుంది. గుప్పిటలో ఇమిడే కొయ్యపిడి, దానికి బిగించిన సూదివంటి ఇనుపమొన, ఇంతే దాని రూపము. తోలును సూది నేరుగా గుచ్చుకొని పోలేదు. గనుక పనివాడు ముందుగా ఆరెతో బెజ్జము పొడిచి, ఆ బెజ్జములో నుండి మైనము పూసిన దారమును లాగుతాడు. చెప్పు అయినా, జీను అయినా, కళ్లెపు వారు అయినా ఇదే పద్ధతి. ఈ పనిముట్టుతో ముడిపడిన ఒక భక్తుని జీవితమును మన శతవార్షికోత్సవ సందర్భమున సంఘస్థుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. బ్రెయిల్ లిపి అనే మాటను విననివారు మనలో అరుదు. అది ఒక మనిషి పేరని, ఆయన తోలుపనివాని కుమారుడని, దేవాలయములలో ఆర్గన్ వాయించిన క్రైస్తవుడని ఎరిగినవారు మాత్రము కొద్దిమందే.

జననము, బాల్యము

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశములో, పారిస్ నగరమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరములోనున్న కూవ్రే అనే గ్రామములో జన్మించారు. తండ్రి సీమోన్ రెనే బ్రెయిల్ ఆ ఊరిలో గుఱ్ఱపు జీనులు, కళ్లెములు, బండ్లకు కావలసిన తోలు సామగ్రి తయారుచేసేవాడు. తల్లి మోనిక్. నలుగురు పిల్లలలో లూయీ అందరికంటె చిన్నవాడు. ఇంటినంటియే తండ్రి పనిచేసే కొట్టు. ఆ కొట్టులో తోలు కోసే కత్తులు, బెజ్జములు పొడిచే ఆరెలు, వారులకు గుండ్రని రంధ్రములు కొట్టే ఉలులు బల్లపై వరుసగా ఉండేవి.

1812వ సంవత్సరములో, లూయీకి మూడేండ్ల వయస్సున, తండ్రి దగ్గర లేని సమయమున ఆ పిల్లవాడు కొట్టులోనికి వెళ్లి, తండ్రి చేసేదానిని అనుకరిస్తూ తోలు ముక్కను పొడవబోయాడు. చేతిలోని ఆరె జారి కంటికి తగిలిందని పరంపరగా చెప్పుకొంటారు. నాటి వైద్యమునకు గాయము లొంగలేదు. చీము పట్టి, ఆ వ్యాధి రెండవ కంటికి కూడ వ్యాపించింది. అయిదేండ్లు వచ్చేసరికి బాలునికి చూపు పూర్తిగా పోయింది. సరిగా ఆ దినములలోనే నెపోలియను ఓడిపోగా శత్రుసేనలు ఆ గ్రామములో విడిది చేశాయి. ఇల్లిల్లూ సైనికులకు తిండి, బస ఇవ్వవలసి వచ్చింది. అటువంటి కష్టకాలములో ఒక గ్రుడ్డి పిల్లవాని చదువును గురించి తలంచేవారెవరు?

గ్రామములో ముగ్గురి దయ

ఆ కాలమున పేదవారి ఇంట పుట్టిన గ్రుడ్డివానికి మిగిలినది సాధారణముగా భిక్షాటనమే. అయితే లూయీ విషయములో ముగ్గురు వ్యక్తులు మూడు చిన్న పనులు చేశారు. తండ్రి చెక్కమీద మేకులు కొట్టి, వాటిని కుమారుని వ్రేళ్లకు తాకించి అక్షరముల రూపములు నేర్పాడు. ఊరి దేవాలయమునకు క్రొత్తగా వచ్చిన గురువు ఝాక్ పాలుయీ బాలుని చేరదీసి, వాక్యమును బోధించి, పువ్వుల వాసన, పక్షుల కూత ద్వారా సృష్టిని పరిచయము చేశాడు. ఉపాధ్యాయుడు ఆంట్వాన్ బెషెరే, చూపున్న పిల్లలతోపాటు అతనిని తరగతిలో కూర్చుండబెట్టడానికి సమ్మతించాడు. విన్నదానిని విన్నట్లు జ్ఞాపకముంచుకొనే ఆ బాలుడు తరగతిలో ముందు నిలిచాడు.

గురువు, ఉపాధ్యాయుడు కలసి ఊరి ప్రభువుద్వారా ప్రయత్నము చేయగా, 1819 ఫిబ్రవరి 15వ తేదీన పదేండ్ల లూయీ పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరాడు. వాలెంటైన్ హావీ అనే దయాళువు 1780లలో స్థాపించిన ఆ విద్యాలయము, లోకములో అంధుల కొరకు ఏర్పడిన మొట్టమొదటి పాఠశాల. అప్పటికి అది పాతబడి చెమ్మగిల్లిన ఒక భవనములో ఉండేది. ఆ చెమ్మ, చలి అనేక విద్యార్థుల ఊపిరితిత్తులను పాడుచేశాయి. ముందు ముందు లూయీ ప్రాణము తీసిన క్షయరోగమునకు కూడ అదే పునాదియని పలువురి అభిప్రాయము.

చూపున్నవారి అక్షరములు

ఆ పాఠశాలలో పుస్తకములు లేకపోలేదు. హావీగారు తడిపిన మందపు కాగితముపై పెద్ద పెద్ద అచ్చక్షరములు ఉబ్బునట్లు నొక్కించి, వాటిని పిల్లలు తడవి చదివే విధానము ఏర్పరచారు. మంచి మనస్సుతో చేసిన పని అది. అయితే ఒక్కొక్క పుస్తకము ఎత్తలేనంత బరువు. ఒక్కొక్క అక్షరము చుట్టు వ్రేలు త్రిప్పి పోల్చుకొనేసరికి వాక్యము మొదలు మరచిపోయేవారు. అన్నిటికంటె పెద్ద లోపము, విద్యార్థి తానుగా ఒక్క మాటయైనను వ్రాయలేకపోవడము. చెప్పింది వినడమే గాని, చెప్పుకొనుటకు దారిలేదు. ఎందువలన? ఆ అక్షరములు చూపున్నవారి కంటికి అందముగా ఉన్నవి. అంధుని వ్రేలికి ఏది సుళువు అని ఎవరును అడుగలేదు.

1821 ప్రాంతములో ఫిరంగి దళములో పనిచేసిన షార్ల్ బార్బియే అనే అధికారి తాను కనిపెట్టిన చుక్కల వ్రాతను ఆ పాఠశాలకు తెచ్చాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు ఆరు చొప్పున పండ్రెండు చుక్కలు. మొనగల సాధనముతో కాగితమును వెనుకనుండి పొడిస్తే ముందు ప్రక్క చుక్కలు ఉబ్బుతాయి. పిల్లలు ఎంతో సంతోషించారు. కాని ఒక గుర్తు ఒక వ్రేలి కొనకు మించి పొడుగు. పైగా ఆ గుర్తులు శబ్దములకే గాని అక్షరములకు కావు. అక్షరక్రమము లేదు, విరామ చిహ్నములు లేవు, అంకెలు లేవు, సంగీతము లేదు. అంధునికి శబ్దము తెలిస్తే చాలునని ఆ అధికారి తలంపు. పండ్రెండేండ్ల లూయీకి అది చాలలేదు. తోటి మానవులు చదివేదంతయు, వారు చదివినట్లుగానే, తామును చదువవలెనని అతని కోరిక.

ఆరు చుక్కలు

తరువాత మూడేండ్లు లూయీ పాఠములు ముగిసిన రాత్రులలోను, సెలవులలో కూవ్రేకు వచ్చినప్పుడును కాగితముపై చుక్కలు పొడుస్తూనే ఉన్నాడు. 1824వ సంవత్సరమునాటికి, పదిహేనేండ్ల ప్రాయములో, పండ్రెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు. మొత్తము గుర్తు వ్రేలి కొన క్రింద ఒక్కసారే ఇమిడిపోతుంది. వ్రేలు ఆగకుండా సాగిపోవచ్చును.

ఈ ఆరు చుక్కలను కలిపి, విడదీసి 63 గుర్తులు చేయవచ్చును. లూయీ దానిలో చక్కని క్రమము పెట్టాడు. మొదటి పది అక్షరములకు పైనున్న నాలుగు చుక్కలే చాలును. ఆ పదింటికి క్రింద ఎడమ చుక్కను చేర్చితే తరువాతి పది. క్రింది రెండు చుక్కలను చేర్చితే ఆ తరువాతివి. పది నేర్చినవానికి మిగిలినవి నేర్చుట కష్టము కాదు. వ్రాసే పరికరము మరీ సులభము. గాళ్లు గల ఒక పలక, దానిపై చిన్న గదులు కోసిన చట్రము, చేతిలో మొనగల పొడుపుకర్ర. కాగితమును వెనుకనుండి పొడుస్తారు గనుక కుడినుండి ఎడమకు వ్రాస్తారు. త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుతారు.

ఆ పొడుపుకర్ర తండ్రి కొట్టులోని ఆరెకు తోబుట్టువు. అదే పిడి, అదే మొన, అదే చేతి ఒత్తిడి. కుమారుని కన్ను పోగొట్టిన జాతి పనిముట్టే అతని చేతిలో లోకమందలి అంధులకు కలమైనది. దేవుడు ఆ బాలుని కన్ను కావాలని తీశాడని మనము చెప్పరాదు. పసివానికి తగిలిన దెబ్బను దేవుని పద్దులో వ్రాయుట భక్తి కాదు. పోయినదానిలో నుండి కూడ ఆయన మేలు పుట్టించగలడని మాత్రము చెప్పగలము.

1829లో లూయీ తన విధానమును పుస్తకముగా ప్రకటించారు. మాటలతోపాటు సంగీతమును, దేవాలయ గానమును చుక్కలతో వ్రాసే పద్ధతి అందులో ఉన్నది. తన పనికి బార్బియేగారి పద్ధతియే ఆధారమని ఆయన అందులో కృతజ్ఞతతో ఒప్పుకొన్నారు. 1837లో ఆ విధానమును మరింత సరళము చేసి రెండవసారి ప్రకటించారు.

ఉపాధ్యాయుడు, ఆర్గన్ వాద్యకారుడు

విద్యార్థిగా వచ్చినచోటనే లూయీ 1833లో పూర్తి ఉపాధ్యాయుడయ్యారు. వ్యాకరణము, భూగోళము, లెక్కలు, సంగీతము బోధించారు. పారిస్‌లోని సెయింట్ నికొలా దే షాన్ మొదలగు దేవాలయములలో ఆర్గన్ వాయించారు. తండ్రి 1831లో మరణించారు. మరణశయ్యనుండి ఆయన పాఠశాల అధికారికి జాబు వ్రాయించి, కుమారుని విడనాడవద్దని బ్రతిమాలుకొన్నాడు.

చూపున్న ఇంటివారికి అంధులు ఉత్తరములు వ్రాయుటకు వీలుగా 1839లో లూయీ మరియొక పద్ధతిని ప్రకటించారు. ఇందులో మామూలు అక్షరముల ఆకారములనే చుక్కలతో పొడుస్తారు. అయితే చేతితో ఒక్కొక్క చుక్కను లెక్కబెట్టి పొడుచుట ఆలస్యము. ఆ పాఠశాలలోనే చదివిన పియెర్ ఫూకో అనే అంధుడు 1841 ప్రాంతములో దానికి ఒక యంత్రము చేశాడు. పది మీటలు, వాటి క్రింద పది మొనలు. చేతితో నొక్కితే కావలసిన చుక్కలు కాగితముపై పడతాయి. ఇద్దరు అంధులు కలసి చూపున్నవారికి ఉత్తరము వ్రాసే యంత్రమును సమకూర్చారన్నమాట.

నిషేధము

ఇంత మేలైన లిపిని లోకము వెంటనే స్వీకరించిందని తలంచకండి. 1840లో పాఠశాలకు క్రొత్త అధికారి వచ్చాడు. అంధులకు వేరు లిపి ఉంటే వారు చూపున్నవారికి వేరైపోతారని ఆయన వాదము. చుక్కల లిపిని నిషేధించాడు. విద్యార్థులు మానలేదు. పగలు ఉబ్బెత్తు అచ్చక్షరములు, రాత్రి దుప్పటి చాటున చుక్కలు. పెద్దవాడు చిన్నవానికి నేర్పాడు. పట్టుబడినవారు శిక్షలు పొందారు. చేత ఒకసారి కలము పట్టినవాడు దానిని వదలునా?

ఉప అధికారియైన ఝోసెఫ్ గాదే ఈ పట్టుదలను గమనించి, అధికారి మనస్సు మార్చాడు. 1844 ఫిబ్రవరి 22న క్రొత్త భవన ప్రారంభోత్సవములో బ్రెయిల్ లిపిని బహిరంగముగా ప్రదర్శించారు. చెప్పినదానిని ఒక విద్యార్థి వ్రాయగా, అది విననివారు వచ్చి తడవి చదివారు. లూయీ ఆ సభలో ఉన్నారు. అప్పటికే క్షయ ముదిరినది.

1852 జనవరి 6న, జ్ఞానులకు ప్రభువు ప్రత్యక్షమైన పండుగ దినమున, సంస్కారము పొంది, నలుబదిమూడేండ్ల వయస్సున ఆయన ప్రభువునందు నిద్రించారు. తెరువకుండా కాల్చివేయుమని ఆయన అప్పగించిన ఒక పెట్టెను స్నేహితులు తెరచి చూడగా, బీద విద్యార్థులు ఆయనకు ఋణపడినట్లు వ్రాసియిచ్చిన కాగితములు కనబడ్డాయి. అవన్నియు అగ్నికి ఆహుతి అయ్యాయి. అప్పులు ఆయనతోనే తీరిపోయాయి.

ఆయన మరణించిన రెండేండ్లకు, 1854లో, ఆ పాఠశాల బ్రెయిల్ లిపిని అధికారపూర్వకముగా స్వీకరించింది. 1952లో ఆయన అస్థులను ఫ్రాన్సు దేశ మహనీయుల సమాధిమందిరమైన పాంథియోనుకు తరలించారు. చేతులను మాత్రము కూవ్రే గ్రామమే ఉంచుకొన్నది.

మన దేశములో, మన భాషలో

మన దేశములో అంధులకు మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో స్థాపించినది ఆనీ షార్ప్ అనే మిషనరీ స్త్రీ. 1951లో భారతీయ భాషలన్నిటికి ఒకే విధమైన భారతి బ్రెయిల్ నిర్ణయమైనది. ఫ్రెంచి పిల్లవాడు తన భాషలో క ధ్వనిగల అక్షరమునకు పెట్టిన రెండు చుక్కలే నేడు తెలుగు ‘క’. అతని ‘ఎమ్’ మన ‘మ’. 2009లో ఆయన ద్విశత జయంతికి భారత ప్రభుత్వము రెండు రూపాయల నాణెము విడుదల చేసింది. 2019 నుండి ఐక్యరాజ్య సమితి జనవరి 4ను ప్రపంచ బ్రెయిల్ దినముగా ఆచరిస్తున్నది.

ప్రియ సంఘస్థులారా, యెరికో మార్గమున గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు, మన ప్రభువు అతని అవసరత ఎరిగియు, నీకేమి చేయగోరుచున్నావని అతనినే అడిగిన సంగతి మార్కు సువార్త పదియవ అధ్యాయములో చదువుతున్నాము. హావీగారు దయాళువు. నిషేధించిన అధికారి కూడ దుష్టుడు కాడు. ఆ ఇద్దరును అడుగుట మరచినదానిని ప్రభువు అడిగాడు. మన గుడులలో వెనుక వరుసలో కూర్చుండి, కీర్తనలు కంఠతా పాడుతూ, పుస్తకము చేతికి అందని సహోదర సహోదరీలు ఉన్నారు. క్రిస్మసు దినమున వారికి వస్త్రములిచ్చి ఫొటో తీయించుకొని మరచిపోతున్నామేమో. బ్రెయిల్‌లో లేఖనములు కావలెనా, చదివి వినిపించేవారు కావలెనా, గాయక బృందములో స్థానము కావలెనా, సంఘ కమిటీలో మాట కావలెనా? మనము నిర్ణయింపక వారినే అడుగుదము. కూవ్రే గ్రామములో ఒక తండ్రి, ఒక గురువు, ఒక బడిపంతులు చేసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చెక్కమీద కొన్ని మేకులు, కొంత ఓపిక, తరగతిలో ఒక చోటు. మన మండలము రెండవ శతాబ్దములో అడుగిడుతున్న ఈ సమయమున, ప్రతి పాస్టరేటులో కనీసము అంతమాత్రము జరుగునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.