ఓడలు నడపిన వకీలు

1911లో తూత్తుకుడి స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ నష్టములలో మునిగి మూతపడెను. ఋణదాతలను తృప్తిపరచుటకై ఓడలు అమ్మకమునకు వచ్చెను. ఎవరితో పోటీపడుటకై ఆ కంపెనీ పుట్టెనో ఆ తెల్లవారి పరమే అవి అయ్యెను. కంపెనీని స్థాపించిన చిదంబరం పిళ్ళై ఆ సమయమున కణ్ణనూరు చెరసాలలో నుండెను.

ఆయన 1872 సెప్టెంబరు 5వ తేదీన తిరునెల్వేలి జిల్లా ఒట్టపిడారమున జన్మించెను. తండ్రి వకీలు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టి, పేదల పక్షమున వాదించువాడని పేరు గాంచి, 1900లో తూత్తుకుడి చేరెను. ఆ రేవునుండి కొలంబోకు సాగు వర్తకమంతయు బ్రిటిష్ ఇండియా కంపెనీ గుప్పిటిలో నుండెను. సరకు మనది, కూలి మనది, ఓడ మాత్రము పరులది.

1906 అక్టోబరులో స్వదేశీ కంపెనీ రిజిస్టరయ్యెను. మూలధనము 10 లక్షల రూపాయలు. వాటా ఒక్కింటికి 25 రూపాయల చొప్పున 40,000 వాటాలు. చిన్న వర్తకుడు సైతము కొనగలుగునట్లు వెల నిర్ణయించిరి. పాండిత్తురై తేవరు అధ్యక్షుడు. హాజీ మహమ్మదు బకీరు సేటు ఒక్కడే 8,000 వాటాలు కొనెను. పిళ్ళై సహాయ కార్యదర్శి. అద్దెకు తెచ్చిన ఓడలను, తెల్లవారి ఒత్తిడికి లొంగి, యజమానులు వెనుకకు తీసికొనిరి. అంతట సొంత ఓడ కావలెనని పిళ్ళై బొంబాయికి పోయెను. 1907లో గాలియా, లావో అను రెండు ఓడలు తూత్తుకుడి రేవున లంగరు దించెను.

పిమ్మట రేట్ల యుద్ధము. తెల్లవారు కొలంబో టిక్కెట్టు రూపాయికి దింపిరి. స్వదేశీవారు అర్ధరూపాయికి దింపిరి. ఆపై తెల్లవారు ఉచితముగానే ఎక్కించుకొని, ఎక్కినవారికి గొడుగు కూడ ఇచ్చిరట! సముద్రప్రయాణమున గొడుగెందులకో గాని, ఆ గొడుగు ఖరీదు ఎవరు భరింపగలరన్నదే ఇచట ప్రశ్న. పెద్ద మూలధనము గలవాడు ఏండ్లతరబడి నష్టము నోర్వగలడు. పాతిక రూపాయల వాటాదారులపై నిలిచిన కంపెనీ ఎన్నాళ్ళోర్చును?

ఇట్టి స్థితిలోనే ఆయన మరియొక భారమును తలకెత్తుకొనెను. హార్వీ సోదరుల యాజమాన్యమున నడచు కోరల్ నూలుమిల్లులో కూలి తక్కువ, సెలవు లేదు. పిళ్ళైయు, సుబ్రహ్మణ్య శివయు సభలు జరిపి కార్మికులను మేల్కొల్పిరి. 1908 ఫిబ్రవరి 27వ తేదీన సమ్మె ఆరంభమయ్యెను. తన వాటాదారులకు లాభము చూపవలసిన కంపెనీ అధికారియే, వేరొక కంపెనీ కూలీల ముందు నిలిచెను. ఇది వర్తకనీతికి సరిపడునా? సర్కారు కంటబడిన ఓడకు సరకు వేయుటకు వర్తకులు జంకుదురని ఆయన ఎరుగనిది కాదు. అయినను యజమాని స్వదేశీ అయినంతనే కూలివాని కష్టము తీరునని ఆయన భ్రమపడలేదు. ఓడలోని స్వాతంత్ర్యమునకును మిల్లులోని కూలికిని ముడి గలదని నమ్మెను. తొమ్మిది దినములకు యాజమాన్యము లొంగెను. కూలి పెరిగెను, వారపు సెలవు లభించెను. తక్కిన తెల్ల కంపెనీల పనివారికిని మేలు కలిగెను.

ఆ విజయము పట్టుమని పది దినములైనను నిలువలేదు. అంతకుముందటి సంవత్సరము ఆంధ్రదేశమున పర్యటించి యువకులను ఉఱ్ఱూతలూగించిన బిపిన్ చంద్రపాలు చెరనుండి విడుదలైన సందర్భమున, మార్చి 9వ తేదీన ఉత్సవము తలపెట్టిరి. మార్చి 12వ తేదీన పిళ్ళైని నిర్బంధించిరి. మరునాడు తిరునెల్వేలి భగ్గుమనెను. కాల్పులలో నలుగురు మరణించిరి. జులై 7వ తేదీన జడ్జి పిన్హే ఆయనకు రెండు యావజ్జీవ ద్వీపాంతరవాసములు విధించెను. పై న్యాయస్థానములు శిక్షను తగ్గించినను, కోయంబత్తూరు చెరలో ఎద్దునకు బదులు ఆయనచేత గానుగ లాగించిరి. కడలిపై రెండు ఆవిరి ఓడలను నడపినవాడు కాడి మోసెను. వెలుపల కంపెనీ, సారథి లేని బండియై, మూడేండ్లలో కూలెను.

1912 చివర విడుదలైననాడు జనసమూహములు ఎదురురాలేదు. వకీలు పట్టా పోయెను. మద్రాసులో చిల్లర దుకాణము నడపి పొట్ట పోసికొనెను; అయినను అచటి కార్మికసంఘములకు దూరము కాలేదు. కొన్నేండ్లకు వాలెస్ అను ఆంగ్లేయ న్యాయమూర్తి ఆయన పట్టాను మరల ఇప్పించెను. ఆ కృతజ్ఞతతో కడగొట్టు కుమారునకు వాలేశ్వరన్ అని పేరు పెట్టెను. తెల్లదొరతనముతో పోరాడెనే గాని, తెల్లవాడైనంతనే మనిషిని ద్వేషింపలేదు. తొల్కాప్పియమును, తిరుక్కురళును పరిష్కరించిన పాండిత్యము ఆయనది. ఆ పాండిత్యము ఇంటి ఖర్చులకు చాలలేదు.

1936 నవంబరు 18వ తేదీన, తన కోరికపై తరలింపబడి, తూత్తుకుడి కాంగ్రెసు కార్యాలయములో కన్ను మూసెను. అంతకుముందే వ్రాయించిన మరణశాసనములో, తాను తీర్చవలసిన చిల్లర బాకీల పట్టిక యొకటి యుండెను.