శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారి కొలిమి

విశ్వబ్రాహ్మణ కులమున నుద్భవించిన మహనీయులలో శ్రీమద్విరాట్ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి నామము నెఱుగనివారు రాయలసీమయందు లేరు. కాలజ్ఞానకర్తగా వారిని కొలుచువారు లక్షలు. వారి వచనములకు తమకు తోచిన యర్థములు చెప్పుకొనుచు రాబోవు నుపద్రవముల నెంచువారు ప్రతి గ్రామమునను గలరు. మేమిచ్చట చెప్పబూనినది కాలజ్ఞానమును గూర్చి కాదు. ఆ మహాపురుషుడు కందిమల్లాయపల్లెయందు సంసారియై, సుత్తి చేతబట్టి, యినుము కొట్టి, కఱ్ఱ చెక్కి జీవించెనను విషయము మనవారి యుపన్యాసములలో నొక్క వాక్యముతో ముగియుచున్నది. పటములయందు వారికి దండకమండలువులును యోగాసనమును నుండును గాని, పట్టకారు గాని దాకలి గాని కానరాదు. ఈ లోపమును గొంత తీర్చుటయే మా యుద్దేశము.

పరంపరగా వచ్చు చరిత్రము ననుసరించి స్వామివారు పరిపూర్ణాచార్యులు, ప్రకృతాంబ యను దంపతులకు జన్మించి, పాపఘ్ని మఠాధిపతులగు వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ గారలచే పెంపబడిరి. ఆ మఠము నేటి కర్ణాటకమున చిక్కబళ్ళాపుర ప్రాంతమందున్నది. 1953వ సంవత్సరమున ఆదవాని తాలూకా కర్నూలు జిల్లాలో చేరువఱకు బళ్ళారి జిల్లావారై, కన్నడమును తెలుగును సమముగా మాటలాడుచు వచ్చిన కోసిగి సోదరులకు, స్వామివారి బాల్యము కన్నడసీమలో గడచెననుట వింతగా దోపదు. చిన్నతనముననే వారు దేశాటనమునకు వెడలి, బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పశువుల కాపరిగా కుదిరిరి. రవ్వలకొండ గుహలలో గూర్చుండి తాటియాకులపై కాలజ్ఞానమును వ్రాసిరనియు, మేయు పశువుల చుట్టు గీత గీయగా నవి యా గీత దాటకుండెననియు జనశ్రుతి. ఈ వృత్తాంతము మీకందఱకును తెలిసినదే గావున పెంచము. మఠాధిపతుల యింట పెరిగిన బాలుడు పసుల గాయుటకు వెనుదీయలేదను నంశము మాత్రము గమనింపదగినది.

పిదప స్వామివారు కందిమల్లాయపల్లెకు వచ్చి నిలిచిరి. ఆ పల్లెయే నేడు కడపజిల్లాలో బ్రహ్మంగారిమఠమను పేర మండలకేంద్రమై యున్నది. అచ్చట వారు తమ మహిమ నెవరికిని తెలుపక, వడ్రంగము, కమ్మరము చేసికొనుచు సామాన్యగృహస్థునివలె నుండిరని చెప్పుదురు.

మెట్టపొలముల సీమలో కమ్మరి చేయు పని యెట్టిదో పట్టణములందు బెరిగిన మన యువకులకు నేడు తెలియదు. రోహిణి కార్తె వచ్చుసరికి నాగటి కర్రులు మొండియై యుండును. గొఱ్ఱు మొనలు అరిగియుండును. గుంటక యడుగుననుండు నినుపబద్ద వంగియుండును. మృగశిరలో తొలివాన పడినంతనే సేద్యము సాగవలెను. నల్లరేగడి భూమి పదును నాలుగు దినములకంటె నెక్కువ నిలువదు. ఆ నాలుగు దినములు తప్పిన నా యేటి పంట తప్పినట్లే. కావున వానకు ముందటి దినములలో నూరిలో నెక్కువ రద్దీగానుండు స్థలము కొలిమి.

అరిగిన కర్రునకు క్రొత్త యినుపముక్క నతుకవలెను. రెండినుపములును తెల్లవాఱునంతగా కాగినగాని యతుకు పట్టదు. మఱికొంచెము కాగెనా, నిప్పురవ్వలు రాల్చుచు నినుము కాలి చెడిపోవును. ఈ రెంటి నడుమనుండు క్షణమును కంటితో గనిపెట్టవలసినదే గాని మాటలతో నేర్పుటకు వీలులేదు. గొడ్డలి యంచునకు పదును పెట్టుట మఱియొక విద్య. ఎఱ్ఱగా కాచి నీట ముంచిన నుక్కు గట్టిపడును; అంతటితో విడిచినచో గాజువలె పెటిలిపోవును. మరల సన్నని వేడి చూపి, యంచుపై ఎండుగడ్డి వన్నె పొడసూపి, యది ముదిరి యూదావన్నెకు దిరుగుచుండగా సరియైన చోట నాపవలెను. ఇక బండిచక్రమునకు నినుపపట్టా తొడుగుట యన్నిటికంటె ముచ్చటైనది. చక్రపు చుట్టుకొలతకంటె పట్టాను కొలది తక్కువగా జేసి, చుట్టును నిప్పు పేర్చి కాచి, సాగినప్పుడు తొడిగి నీళ్లు గుమ్మరించినచో, అది ముడుచుకొని ఆకులను, పూటీలను, కుండను నొక్కటిగా బిగించును. వడ్రంగము, కమ్మరము రెండును దెలిసిన యొక్క చేతిలో నీ పని జరుగుట చూడవలయును. స్వామివారి చేతికి రెండు విద్యలును దెలియుననియే పరంపర చెప్పుచున్నది.

స్వామివారు జీవించిరని చెప్పబడు 17వ శతాబ్దముననే, దక్కనులో సంచరించిన తెవెనో యను ఫ్రెంచి యాత్రికుడు, నేటి నిజామాబాదు ప్రాంతమందలి ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు చేయబడి దేశమంతట నమ్ముడుపోవుచుండెనని వ్రాసియున్నాడు. తెలుగు కమ్మరుల యాయుధములకు నంతటి ప్రఖ్యాతి యుండిన కాలమున, మన స్వామివారు కత్తుల నగరమునకు బోక, కర్రులు కొడవళ్లు గల పల్లెనే యెన్నుకొనిరి. ఇట్టి పల్లెకమ్మరికి కూలి రొక్కముగా నీయబడుట యరుదు. ఆయగాండ్రలో నొకడుగా కళ్లమునొద్ద మేర కొలిపించుకొనుటయే వాడుక. పంట పండినపుడు వానికిని గింజ గలదు, ఎండినపుడు రైతుతోపాటు పస్తు.

పోలేరమ్మ కథను గూడ నొకమాఱు తలచుకొందము. గ్రామపెద్దలు రథోత్సవమునకు చందా నడుగ వచ్చినపుడు, స్వామివారు చుట్ట ముట్టించుకొనుటకు నిప్పు దెమ్మని గుడిలోని పోలేరమ్మను బిలువగా, ఆ తల్లి నిప్పు తెచ్చెనట. కొలిమి గలవానికి నిప్పునకు గొఱతయా యని మాకు చిన్ననాడు సందేహము గలిగెడిది. పెద్దలు మమ్ము గదిమిరేగాని యుత్తరము చెప్పలేదు. కథ యెట్టిదైనను, నంతవఱకు చందా నియ్యవలసిన కమ్మరియని మాత్రమే స్వామివారిని గ్రామము గుర్తించినదని దీనివలన దెలియుచున్నది.

పెదకొమెర్ల నివాసి శివకోటయాచార్యుల కుమార్తె గోవిందమ్మగారిని స్వామివారు వివాహమాడిరి. వారికి ఐదుగురు కుమారులును, వీరనారాయణమ్మ యను కుమార్తెయు గలిగిరి.

ఇపుడు మన సంఘమువారు శ్రద్ధగా వినవలసిన ఘట్టము. ముడుమాల గ్రామమునుండి దూదేకుల కులస్థుడగు సైదులను యువకుడు స్వామివారి నాశ్రయించెను. పత్తి యేకుట వారి కులవృత్తి. పత్తిసీమయగు ఆదవాని కోసిగి ప్రాంతముల వారికి దూదేకులవారిని గూర్చి వేఱుగ జెప్పనేల? స్వామివారు వానికి సిద్దయ్యయని పేరు పెట్టి, తత్త్వము నుపదేశించి, ప్రధానశిష్యునిగా జేసికొనిరి. తల్లిదండ్రులు నవాబునొద్ద మొఱపెట్టుకొనగా కడపలో విచారణ జరిగెనని చరిత్రము. మాదిగ కులస్థుడగు కక్కయ్యయు, బ్రాహ్మణుడగు అన్నాజయ్యయు శిష్యులే. ఇంటివారిలో మాత్రమే విద్య నిలుపవలెనని స్వామివారు తలచియుండినచో, కన్నకొడుకు లేవురు చాలియుందురు గదా!

దీనిని వ్రాయునప్పుడు మాకొక జ్ఞాపకము బాధించుచున్నది. మా చిన్ననాడు మా కొలిమి యొద్దకు నన్యకులపు బాలుడొకడు ప్రతిదినమును వచ్చి, గడపయొద్ద గూర్చుండి, కాగిన యినుము వంక రెప్పవేయక చూచుచుండెడివాడు. తిత్తి యూదుటకు వానిని పిలిచితిమి, బొగ్గులు మోయించితిమి. ఒకనాడు వాడు చిన్నమేకు తానై సాగగొట్టి చూపగా, మేము దానిని నీటితొట్టిలో బాఱవైచి, నీకేల యీ పని యంటిమి. వాడు మఱునాటినుండి రాలేదు. మా యింట నా సుత్తి బట్టినవారిలో మేమే కడపటివారము. మా కుమారు లుద్యోగములు చేయుచున్నారు. దాకలి పెరటిలో వాననీటికి త్రుప్పు పట్టుచున్నది. ఆ మేకు వంకరగా నుండెను గాని, మొన మాత్రము చక్కగా దీర్చబడి యుండెను.

ఆలోచించినచో, కమ్మరము నేనాడును మన చేతులు మాత్రమే చేసిన పని కాదు. కర్రు తెచ్చిన రైతే యెదుట నిలిచి సమ్మెట వేసెడివాడు. వాని కొడుకు తిత్తి లాగెడివాడు. మనము సుత్తితో చోటు చూపగా, వారు సమ్మెటతో బలమును జూపిరి. ఇట్లు వారి చేతులతో సాగిన పనిని మనదని దాచుకొనుట యెంతవఱకు న్యాయమో సంఘపెద్దలు యోచింపవలెను.

విదేశములలో మార్గము వేఱుగా నున్నది. యంత్రముల రాకచే కమ్మరము క్షీణించిన అమెరికా దేశమున, 1973వ సంవత్సరమున కళాకమ్మరుల సంఘమొకటి యేర్పడినది. అట్టివారిలో నుపాధ్యాయులు, గుమాస్తాలు, వైద్యులు మున్నగు వారు, కులవృత్తి గాక కేవలము వేడుకకై కొలిమి పెట్టుకొనువారు గలరు. సెలవుదినములలో నొక్కచోట గూడి, తాము చేసిన కొక్కెమును, ఇనుపయాకును, ద్వారపు గొళ్లెమును, దీపపుసెమ్మెను నొకరికొకరు చూపుకొందురు. అతుకు విడిపోయినదానిని, పదును పెట్టునపుడు పగిలినదానిని సైతము దాచక తెచ్చి, యెచ్చట తప్పితిమని యడుగుదురు. మన కొలుములలో చెడినపనిని కప్పిపుచ్చుటయే మర్యాదగా నెంచితిమి. కావుననే తండ్రి చేసిన తప్పునే కొడుకును మొదటినుండి చేయవలసి వచ్చెను. మన గ్రామములలోను ట్రాక్టరు వచ్చినపిదప నాగటికర్రు పని తఱిగినది. పారలు, కొడవళ్లు అంగడిలో దొరకుచున్నవి. తలుపు గొళ్లెములు, సెమ్మెలు, త్రిశూలములు, కిటికీల యల్లికలు చేతిపనిగా గోరువారింకను గలరు. నేర్వగోరు పిల్లలును గలరు. వారిలో మన యింటివారు తక్కువ. పోషకులు సభామంటపమునకును, ఊరేగింపునకును విరాళము లిచ్చుచున్నారు, సంతోషమే. కోసిగిలో నొక్క కొలిమిని వెలిగించి, వారమున కొకదినము వచ్చినవారి కెల్లరకును సుత్తి యిచ్చుటకగు వ్యయము, ఒక్క ఊరేగింపు వ్యయమును మించదని మా యంచనా.

శ్రీముఖనామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమినాడు, అనగా 1693వ సంవత్సరమున, స్వామివారు జీవసమాధి నొందిరని మఠపరంపర చెప్పును. ఆ దినమున సిద్దయ్యను పూలకై బనగానపల్లెకు బంపిరి. అతడు తిరిగివచ్చి, సమాధి మూయబడి యుండుట గాంచి, తలబాదుకొని యేడ్వగా, స్వామివారు దర్శనమిచ్చి, దండము, కమండలువు, పాదుకలు, ముద్రికయు నతనికే యొసగిరని ప్రతీతి. ఏటేట వైశాఖ దశమికి కందిమల్లాయపల్లెలో నారాధన జరుగును; మన కోసిగి వైపునుండియు జనులు పోవుచుందురు. సిద్దయ్యగారి మఠము ముడుమాలలో నున్నది.